టీవీ మధ్యలో చుక్కల గీత

1979 జనవరి 8వ తేదీ, సోమవారం, సాయంత్రం నాలుగు గంటల యాభై నిమిషాలకు నేను తిరువూరు బస్టాండు వెనక ఉన్న రేడియో రిపేరు కొట్టు మెట్లెక్కాను. నాలుగున్నరకు ఏడో తరగతి స్పెషల్ క్లాసులో హాజరు వేశాను. ముప్పై ఒక్క మందిలో ఒకరు తక్కువ. లేనిది సువార్త. లెక్కల్లో క్వార్టర్లీకి ఏడు మార్కులు, హాఫ్ ఇయర్లీకి పదకొండు తెచ్చుకున్న పిల్ల. ఎక్కడికి పోయిందని అడిగితే, "రేడియో కొట్టులో బంతాట ఆడుతోంది టీచర్" అని వెనక బెంచీ నుంచి ఎవరో చెప్పారు. మిగతా ముప్పై మందికీ బోర్డు మీద ఐదు లెక్కలు రాసిచ్చి, చేతిలో ఉన్న స్కేలుతోనే బయల్దేరాను.

ఆ కొట్టు ఆయన పోయారని, ఇన్నేళ్ళ తర్వాత, మొన్న గురువారం ఉదయం ఆరుంబావుకు ఆ సువార్తే ఫోన్ చేసింది. "మామయ్య రాత్రి నిద్రలోనే పోయారు టీచర్" అంది. ఫోన్ పెట్టేసి నా పాత డైరీలు తీసి కూర్చున్నాను. వాటిలో ఆయన పుట్టిన తేదీ లేదు. ఎంతవరకు చదివారో లేదు. ఆయన అన్న మాటలు కొన్ని, ఆయన కొట్టులో గడిచిన సాయంత్రాల లెక్క మాత్రం ఉన్నాయి.

పేరు రాయను. బతికుండగా ఆయనే తన పేరు ఎక్కడా రాసుకోలేదు. కొట్టు మీది రేకు బోర్డులో 'ఇచ్చట రేడియోలు బాగుచేయబడును' అని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పెద్దవాళ్ళు రేడియో సాయిబు గారనేవారు, పిల్లలు రేడియో మామయ్య అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. కొట్టు వెనక రెండు గదుల్లో తల్లీ ఆయనా ఉండేవారు.

ఆయన దగ్గర ఏ రేడియో ఎప్పుడూ పాడవలేదు. అలిగేది. "అలిగిందండీ, రెండు రోజులు నా దగ్గర వదిలిపెట్టండి" అనేవారు. పుచ్చకాయను తట్టి చూసినట్టు వేలి కణుపుతో రేడియో వీపు మీద రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకునేవారు. స్క్రూడ్రైవరు ఎప్పుడూ కుడి చెవి మీద ఉండేది. దాన్ని అక్కడే పెట్టుకుని బల్లంతా వెతికేవారు. "చెవి మీదుంది" అని ఎవరైనా అంటే, "అక్కడుందని తెలుసండీ, ఇంకెక్కడైనా ఉందేమో చూస్తున్నా" అనేవారు.

ఆయనకొక అలవాటుంది. బాగుచేసిన రేడియోను యజమాని చేతికి ఊరికే ఇచ్చేవారు కాదు. ఒకసారి పెనుగొలను రైతు ఒకాయన వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఇప్పుడు టైమెంతండీ?" అని ఈయన అడిగారు.

"ఆరున్నర."

"అయితే తిప్పితే ఏం రావాలి?"

"ఏదో ఒకటి వస్తది. ఇటియ్యి సాయిబూ, బస్సెళ్ళిపోద్ది."

"అట్లా కాదండీ. ముందు చెప్పండి, తర్వాత తిప్పండి."

"నా రేడియో నేను తిప్పుకోడానికి నీకు పరీక్ష రాయాలా?"

"చెప్పకుండా తిప్పితే వచ్చింది వింటాం, అంతే. చెప్పి తిప్పామనుకోండి, రాకపోతే ఎక్కడ తప్పామో తెలుస్తుంది."

రైతు విసుక్కుంటూ వ్యవసాయం మాటలన్నాడు. తిప్పితే ఎరువుల గురించి ఎవరో చెబుతున్నారు. ఆయన మొహంలో సంతోషం చూడాలి, ఆ రైతు ఏదో గెలిచినట్టు.

ఆ కొట్టులోకి టీవీ ఎలా వచ్చిందో చెప్పాలి. ఆయన తమ్ముడు కువైట్‌లో లారీ నడిపేవాడు. 1978 నవంబరులో సెలవుకొచ్చినప్పుడు తల్లి కోసం ఒక నలుపు తెలుపు టీవీ తెచ్చాడు. అప్పటికి తిరువూరులో ఏ స్టేషనూ అందేది కాదు. రేపో మాపో వస్తుంది, అమ్మ చూసుకుంటుంది అని అతని ఆశ. ఈలోపు టీవీ పనిచేస్తుందో లేదో అప్పుడప్పుడు చూసుకోవడానికి దాంతోపాటు ఒక ఆట పెట్టె తెచ్చాడు. పెట్టెకు రెండు తీగలు, తీగల చివర రెండు గుండీలు. దాన్ని టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద పైనా కిందా రెండు తెల్లటి గీతలు, మధ్యలో నిలువుగా చుక్కల గీత, అటొక చిన్న పలక, ఇటొక చిన్న పలక, ఒక తెల్లటి బంతి. గుండీ తిప్పితే పలక పైకీ కిందికీ జరుగుతుంది. బంతిని అవతలి వాళ్ళు కొట్టలేకపోతే మనకు ఒకటి, తెర పై మూలన మన అంకె మారుతుంది. పదిహేను అయితే ఆట అయిపోయింది. ఆ టీవీలో కనబడేది ఇదొక్కటే.

ఊళ్ళో వాళ్ళు సినిమా అనుకుని వచ్చేవారు. ఒకాయన గంటన్నర కూర్చుని, "పేర్లు పడ్డం ఇంకా అవలేదా?" అని అడిగాడట.

నేను మెట్లెక్కిన రోజు నా కోపానికి కారణం ఉంది. ముందురోజు ఆదివారం చర్చి బయట సువార్త తల్లి నన్ను ఆపింది. "ఏడు తప్పితే ఇక మాన్పించేస్తా టీచర్ గారూ. పెనుగొలను పత్తికి పోయే బండిలో ఇంకో మనిషికి చోటుంది. ఎన్నేళ్ళని బడికి పంపుతాం?" అంది. ఆమె తప్పేం లేదు. ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష. ముప్పై ఐదు రాకపోతే అదే తరగతిలో మళ్ళీ కూర్చోవాలి. ఆ ఇంట్లో మళ్ళీ కూర్చోబెట్టే ఓపిక లేదు. పరీక్షకు మూడు నెలలుంది. పిల్ల చూస్తే బంతాటలో ఉంది.

లోపల టీవీ ముందు రెండు పీటలు. ఎడమ పీట మీద ఆయన తల్లి. ఒక చేతిలో తస్బీ జపమాల, ఇంకో చేతిలో గుండీ. కుడి పీట మీద సువార్త. తెర కుడి అంచున దర్జీల కొలత టేపు ముక్క ఒకటి, సెంటీమీటర్ల వైపు కనబడేలా, నిలువుగా అంటించి ఉంది.

"ఏమే, చూపు పత్తి చేలో పారేసుకొచ్చావా? బంతి ఇటుంటే చెయ్యి అటు పోతోంది" అంటోంది పెద్దావిడ.

"పద్దెనిమిది!" అని అరిచింది సువార్త. బంతి కింది గీతకు తగిలి వాలుగా లేచి టేపు మీద పదిహేను దగ్గర తెర దాటిపోయింది.

"మూడు తేడా" అన్నారాయన, బల్ల దగ్గరి నుంచి తల ఎత్తకుండానే. "ఎంతకెంతమ్మా?"

"నానమ్మకి పదమూడు, నాకు తొమ్మిది."

"నీకింకా ఎన్ని కావాలి?"

"ఆరు."

నేను గుమ్మంలో ఆగిపోయాను. పదిహేనులోంచి తొమ్మిది తీసేయమంటే వేళ్ళు మడుచుకుని నేల చూసే పిల్ల. ఆగింది ఒక్క నిమిషమే. తర్వాత, "సువార్తా!" అన్నాను. పిల్ల గుండీ వదిలేసి నిలబడింది.

"దా టీచరమ్మా, సమయానికొచ్చావు. నీ శిష్యురాలు ఓడిపోవడం చూద్దువు గాని" అంది పెద్దావిడ.

ఆయనతో, "ఇది బడి కాదండీ, రిపేరు కొట్టు. బడి వేళప్పుడు పిల్లల్ని రానివ్వకండి" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డారు. స్క్రూడ్రైవరు చెవి మీదే ఉంది. "తప్పేనండీ టీచరమ్మ గారూ" అన్నారు. అంతే. సువార్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

మా బడిలో ఒక రేడియో ఉండేది, పిల్లల పాఠాలు వినిపించడానికి. అది సంక్రాంతి సెలవుల తర్వాత పలకలేదు. జనవరి 20, శనివారం ఉదయం ఆయన దాన్ని చూడడానికి వచ్చారు. నా తరగతి గదిలోనే బల్ల మీద పెట్టుకుని విప్పారు. పని చేస్తూ చేస్తూ గోడ వైపు చూశారు.

ఆ గోడ మీద నేను పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉండేది. చార్టు కాగితం మీద ఎర్ర సిరాతో మూడు వరసలు: పేరు, చేసిన తప్పు, తేదీ. దాన్ని తప్పుల పట్టిక అనేదాన్ని. తప్పు చేసినవాళ్ళు రోజూ చూసుకుంటే మళ్ళీ చేయరని నా నమ్మకం. జూన్‌లో పెట్టింది ఏప్రిల్లో తీస్తాను. అందులో సువార్త పేరు పద్నాలుగుసార్లుంది. చివరిది డిసెంబరు 4న: '4.6 కన్నా 4.15 పెద్దది' అని రాసింది. ఎందుకే అంటే, "ఆరు కన్నా పదిహేను పెద్దది కదా టీచర్" అంది. నాలుగుసార్లు వివరించి, ఐదోసారి స్కేలు వాడాను.

ఆయన పట్టికను పై నుంచి కింది దాకా చదివారు. "ఈ కాయితం ఎప్పుడు తీస్తారండీ?" అని అడిగారు.

"ఏప్రిల్లో."

"ఈలోపు అమ్మాయి నేర్చేసుకుంటేనో?"

"నేర్చుకోదు" అన్నాను. ఆ మాట అన్నట్టు ఆ రోజు డైరీలో రాసుకున్నాను, అందుకే ఇప్పుడు కాదనలేను.

ఆయన రేడియో మూత బిగించారు. "మా ఆటలో ఓడిపోతే మీట నొక్కుతామండీ. సున్నా, సున్నా. మళ్ళీ మొదలు. తప్పు ఎంతసేపుంటుందంటే, బంతి అటెళ్ళి ఇటొచ్చేంత సేపు" అని, నా గడియారం వైపు వేలు చూపించి, "పదకొండూ పది. ఏం రావాలి, చెప్పండి" అన్నారు. నేను చెప్పలేకపోయాను. మూడేళ్ళుగా ఆ రేడియో నా గదిలోనే ఉంది.

ఆ సాయంత్రం ఐదున్నరకు నేనే కొట్టుకు వెళ్ళాను. ఎందుకు వచ్చానని ఆయన అడగలేదు. కుడి పీట తుడిచి చూపించారు. పెద్దావిడ తస్బీ పక్కన పెట్టి, "చదువుకున్నదాంతో ఆడడం ఇదే మొదలు. చూద్దాం" అని సర్దుకుని కూర్చుంది.

నిబంధన ఒక్కటే. బంతి అవతలి పలకను వదిలిన వెంటనే, మన వైపు టేపు మీద ఎక్కడికి వస్తుందో అంకె చెప్పాలి. చెప్పాకే గుండీ తిప్పాలి. చెప్పకుండా తిప్పి కొట్టినా ఆయన ఒప్పుకునేవారు కాదు. గుడ్డిదెబ్బ అనేవారు. నేను బీఎస్సీ లెక్కలు చదివినదాన్ని. మొదటి బంతికి ఇరవై అన్నాను. తొమ్మిదికి వచ్చింది.

"పదకొండు తేడా" అన్నారు.

రెండోదానికి ఎనిమిది తేడా. మూడోదానికి చెప్పడమే మరిచిపోయాను. పెద్దావిడ పకపకా నవ్వింది. "అంకె మింగేశావేంటమ్మా, నేనేమన్నా స్కేలు పట్టుకున్నానా?"

ముప్పై ఏళ్ళు దాటాక, నలుగురి ముందు తెలియకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన ఒక దారం ముక్క తీసుకుని, తెర మీద బంతి వచ్చిన దారికి ఆనించి పట్టుకున్నారు. గీతకు తగిలిన చోట వంచారు. "ఎంత వాలుగా వచ్చిందో అంత వాలుగానే పోతుందండీ. ఎక్కువా పోదు, తక్కువా పోదు. దాన్ని నమ్మొచ్చు" అన్నారు. ఈ సూత్రాన్ని నేను పుస్తకంలో చదివాను, బోర్డు మీద గీశాను. అది నమ్మదగిందని నాకెవరూ చెప్పలేదు.

పదిహేనుకు రెండుతో ఓడిపోయాను. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. "పదకొండు తేడాతో మొదలుపెట్టి నాలుగుకు వచ్చారండీ. ఏడు తగ్గారు" అన్నారు. నాకు నా ఉద్యోగంలో ఎవరూ అంత మంచి మాట చెప్పలేదనిపించింది.

సోమవారం ఉదయం, పిల్లలు రాకముందే, పట్టిక తీసేశాను. మేకుల గుర్తులు నాలుగు గోడ మీద ఉండిపోయాయి. మధ్యాహ్నం కొట్టుకు వెళ్ళి ఆయనతో చెప్పాను. "రోజూ ఐదు నుంచి ఏడు దాకా, శుక్రవారం, ఆదివారం తప్ప. వెనకబడిన పిల్లలు పన్నెండు మంది ఉన్నారు. నేనూ వస్తాను. తేడాలన్నీ పుస్తకంలో రాయిస్తాను. సరాసరి, శాతం, దశాంశాలు అన్నీ అందులోంచే చెప్పుకుంటాను."

"రోజూ రెండు గంటలాండీ?" అన్నారాయన.

"అవును. అంతకు తక్కువైతే అందరికీ వంతు రాదు."

ఆయన టీవీ వైపు చూశారు. చొక్కా అంచుతో తెర మీద దుమ్ము మెల్లగా తుడిచారు. పడమటి ఎండ కొట్టులోకి పడుతుంది కనక వెలుతురు మీట మొత్తం పెంచితేనే బంతి కనబడేది. ఆ మీట మీద కాసేపు చెయ్యి పెట్టి ఉంచారు. తర్వాత, "అమ్మనొక మాట అడిగి చెబుతా" అని లోపలికెళ్ళారు. తిరిగొచ్చి, "అలాగేనండీ" అన్నారు.

ఆ రోజు సువార్త ఇరవై బంతులు ఆడింది. ప్రతి బంతికీ తేడా రాశాం. అన్నీ కూడితే తొంభై రెండు. ఇరవైతో భాగిస్తే 4.6. సరాసరి అంటే ఏంటని తను మొదటిసారి అడిగింది. నువ్వు ఒక్కో బంతికి సుమారు అంత దూరంలో తప్పావని అర్థం అన్నాను. "నాలుగున్నర కన్నా కొంచెం ఎక్కువ" అంది, టేపు మీద వేలు పెట్టి.

జనవరి 24, బుధవారం. మళ్ళీ ఇరవై బంతులు. కూడితే ఎనభై మూడు. భాగహారం తనే చేసింది. 4.15 వచ్చింది. పుస్తకంలో పక్కపక్కన ఉన్న రెండు అంకెల్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. పెద్దావిడ, "ఆడతావా, జపం చేస్తావా?" అన్నా పలకలేదు.

"టీచర్, ఎనభై మూడు తొంభై రెండు కన్నా తక్కువ కదా?"

"తక్కువే."

"అంటే ఇవాళ నేను తక్కువ తప్పాను."

"అవును."

"మరి ఇక్కడ పదిహేనుంది, అక్కడ ఆరుంది." మళ్ళీ టేపు దగ్గరకు వెళ్ళింది. నాలుగుకూ ఐదుకూ మధ్య ఉన్న చిన్న గీతల్ని గోటితో లెక్కపెట్టింది. "ఆరంటే ఇక్కడిదాకా. పదిహేనంటే... ఒక గీత దాటి సగం. ఇంతేనా? పదిహేను ఇంతేనా టీచర్?"

నేను సమాధానం చెప్పబోయాను. ఆయన బల్ల దగ్గరి నుంచి వేలు పెదాల మీద పెట్టుకుని నన్ను ఆపారు.

"ఇంతే" అంది సువార్త తనకు తనే. తర్వాత నా వైపు తిరిగి, కొంచెం కోపంగా, "నాలుగుసార్లు చెప్పారు గాని, చూపించలేదు మీరు" అంది.

ఆ మాటను ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

ఫోనుల్లో ఆటలు పిల్లలకు మంచివా, చెడ్డవా అని ఈమధ్య నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది ఆ ఒక్క ఆటే, కాబట్టి దాని గురించే చెబుతాను. అది పిల్లలకు తీసివేత నేర్పింది, కోణాలు నేర్పింది, దశాంశాలు నేర్పింది. ముందు ఆలోచించి చెప్పడం, చెప్పింది తప్పితే ఎంత తప్పిందో కొలుచుకోవడం, మళ్ళీ సున్నా దగ్గర మొదలుపెట్టడానికి సిగ్గుపడకపోవడం నేర్పింది. కాకపోతే పక్కనే టేపు అంటించి, "ముందు చెప్పు, తర్వాత తిప్పు" అనే మనిషి ఒకరు కూర్చునేవారు. ఆయన లేకుండా ఆ పెట్టె ఒక్కటే ఇంత నేర్పేదా అంటే నేను చెప్పలేను.

లెక్కల పరీక్ష ఏప్రిల్ 11, బుధవారం. ముందురోజు మంగళవారం సాయంత్రం సువార్త ఇరవై బంతుల తేడా కూడితే పద్దెనిమిది. సరాసరి 0.9. ఆ తర్వాత పెద్దావిడతో ఆఖరి ఆట. అప్పటివరకు ఆమెను గెలిచినవాళ్ళు లేరు. పదమూడు, పదమూడు దాకా వచ్చారు. పన్నెండు మంది పిల్లలూ మోకాళ్ళ మీద లేచారు. సువార్త "ఏడు" అంది, ఏడుకు వచ్చింది. "ఇరవై రెండు" అంది, ఇరవై రెండుకు వచ్చింది. పదిహేను, పదమూడు.

పెద్దావిడ గుండీ కింద పెట్టేసింది. "కరెంటు తగ్గింది. అందుకే నా పలక కదల్లేదు" అంది.

"కరెంటు బానే ఉందమ్మా" అన్నారాయన.

"నువ్వు నోరు ముయ్యి. నువ్వే దానికి దారాలు పట్టి నేర్పావు. కన్నతల్లికి ఒక్కసారైనా పట్టావా?"

రెండు రోజులు ఆమె కొడుకుతో మాట్లాడలేదని తర్వాత తెలిసింది. కావాలని ఓడిందేమోనన్న అనుమానం నాకు అంతటితో పోయింది.

సువార్తకు లెక్కల్లో నలభై మూడు వచ్చాయి. తల్లి చర్చిలో నా చెయ్యి పట్టుకుంది. బండిలో ఆ చోటు ఇంకెవరికో పోయింది. సువార్త పదో తరగతి ఒకసారి తప్పింది, రెండోసారి ప్యాసైంది. నర్సు ట్రైనింగు చేసి, ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైంది. మందు ఎంత పడుతుందో ముందు పైకి చెప్పుకుని, తర్వాతే సిరంజిలోకి లాగేదని తనతో పనిచేసినవాళ్ళు నవ్వేవారట.

ఆ ఆటను నేను 1980లోనూ, 1981లోనూ నడిపించాను. ప్రతి ఏడూ జనవరిలో వెళ్ళి ఐదు నుంచి ఏడు అని చెప్పేదాన్ని. ఆయన ప్రతి ఏడూ తెర తుడిచి, అలాగేనండీ అనేవారు. మూడో ఏడు ఆఖర్న ఆట పెట్టె పలకడం మానేసింది. అలిగిందన్నారు. ఆ అలక మాత్రం తీర్చలేకపోయారు.

1985 నవంబరు 17, ఆదివారం, ఆయన ఇంటి మీద పొడుగాటి ఇనప గొట్టం ఎత్తి యాంటెన్నా కట్టారు. కువైట్ తమ్ముడు సెలవుకు వచ్చి ఉన్నాడు. టీవీలో మొదటిసారి బొమ్మ వస్తుందని నన్నూ పిలిచారు. నేను వెళ్ళేసరికి పెద్దావిడ అదే ఎడమ పీట మీద కూర్చుని ఉంది. ఒకామె వార్తలు చదువుతోంది. ఆమె నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా నిలువుగా చుక్కల గీత. పైన ఒక గీత, కింద ఒక గీత. చుక్కలు లెక్కపెట్టాను. పంతొమ్మిది.

"ఆపేసినా పోవడం లేదు" అన్నాడు తమ్ముడు. "పిక్చర్ ట్యూబు కాలిపోయింది. ఇచ్చేటప్పుడే చెప్పాను కదా అన్నయ్యా! కదలని బొమ్మ గంటలకొద్దీ పెడితే అద్దంలో ముద్ర పడిపోద్ది, వారానికి పావుగంట చాలని! సరేనన్నావు కూడా!"

రోజూ రెండు గంటలు. అడిగింది నేను.

"మరి అమ్మ సంగతి ఆలోచించావా? అమ్మ కోసం తెచ్చానే!" అన్నాడు తమ్ముడు.

"నన్నడిగాడురా" అంది పెద్దావిడ. "అద్దం పోతుంది, రేపు బొమ్మ వస్తే బాగోదు, ఏం చెయ్యమంటావని అడిగాడు. పిల్లల్నే రానివ్వమన్నా. పిల్లల్నైతే ఓడించొచ్చు. బొమ్మనెలా ఓడిస్తాం?" తర్వాత తెర పై మూలకు చెయ్యి చూపించింది. "అయినా చూడు, అక్కడేముందో."

ఎడమ పక్క, వార్తలామె వెనక, మసగ్గా 15 అని ఉంది. ఆట అయిపోయాక మీట నొక్కేదాకా నిలిచిపోయే అంకె అది. అటు పక్క ఎప్పుడూ ఆవిడే. కుడి పక్కన అంకెలు ఒకదాని మీద ఒకటి పడి ఏదీ చదవడానికి లేదు.

"ఇప్పటికీ నేనే గెలుస్తున్నా" అంది.

నేను వెళ్ళొస్తానంటే ఆయన మెట్ల దాకా వచ్చారు. ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. స్క్రూడ్రైవరు చెవి మీది నుంచి తీసి చేతిలోకి తీసుకున్నారు.

"చెబితే మీరు మానేస్తారు కదండీ. మీరు లెక్కలు కట్టే మనిషి."

"మీకు ముందే తెలుసు."

"తెలుసండీ. అద్దం పోతుందని ఆ రోజు లోపలికెళ్ళి అమ్మతో చెప్పే వచ్చాను." నవ్వారు. "చెప్పాకే తిప్పాను."

క్షమించమని అడగాలనుకున్నాను. నెమలి ఊరికెళ్ళే బస్సు హారన్ కొట్టింది, జనం మధ్యలోకి వచ్చారు, నేను వచ్చేశాను. తర్వాత నలభై ఏళ్ళలో ఎన్నోసార్లు కలిశాం. ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

ఆ టీవీ ఇప్పుడూ ఆ వెనక గదిలోనే ఉందని సువార్త చెప్పింది. డైరీల ప్రకారం పోయినవి ఇవి.

1979లో 53 సాయంత్రాలు, 1980లో 49, 1981లో 51. మొత్తం 153. గంటల్లో 306.

పిక్చర్ ట్యూబు ఒకటి. దాని మీద చుక్కలు పంతొమ్మిది, గీతలు రెండు, పదిహేను ఒకటి.

నేను అడగని క్షమాపణ ఒకటి.

మొన్న గురువారంతో, మనిషి ఒకరు.